మూడు సంఖ్యల వాగ్దానము

పాఠ్యపుస్తకములో 3.9 ప్రకరణము తరువాత 3.10 ప్రకరణము వచ్చును. దీనిని చూచి ఏ విద్యార్థియు తికమకపడడు. గణితపు తరగతిలో అదే విద్యార్థి 3.10 అనగా 3.1 అనియు, అది 3.9 కంటె చిన్నదనియు సరిగానే చెప్పును. 2021లో పైథాన్ భాష 3.10వ కూర్పు వెలువడినపుడు, కూర్పు సంఖ్యలో మొదటి మూడు గుర్తులనే చదువుటకు అలవాటుపడిన కొన్ని ప్రోగ్రాములు దానిని 3.1గా గ్రహించి పొరబడినవి. ఇక్కడ చుక్క దశాంశ బిందువు కాదు, గదుల నడుమ గోడ.

ఈ సంఖ్యలకు అర్థము కల్పించిన పద్ధతులలో నేడు మిక్కిలి ప్రచారమందున్నది ‘సిమాంటిక్ వెర్షనింగ్’ అను నియమావళి. దీనిని టామ్ ప్రెస్టన్-వెర్నర్ రచించెను. 2.0.0 కూర్పు 2013లో వెలువడినది (తన నియమమును తనకే అన్వయించుకొనుట ముచ్చటగా నున్నది). తప్పులు మాత్రమే దిద్దినచో మూడవ సంఖ్య పెరుగును. పాతదానికి భంగము లేకుండ క్రొత్త సదుపాయము చేర్చినచో రెండవది పెరుగును. పాత వాడుక చెడు మార్పు జరిగినచో మొదటిది పెరుగును. కావున 1.4.2 నుండి 1.5.0కు నిర్భయముగా మారవచ్చును, 2.0.0కు మారుటకు ముందు వివరములు చదువవలెను. 1.9.0 తరువాత 1.10.0 వచ్చునని కూడ నియమావళి స్పష్టముగా చెప్పినది.

ఒక ప్రోగ్రాము వందలకొలది ప్యాకేజీలపై ఆధారపడు ఈ దినములలో, యంత్రమే చదువుకొనగల ఇట్టి సంకేతము నిజముగా మేలు చేసినది. అయితే నాకొక సందేహము. వాగ్దానము చేయువాడు రచయిత. అది నిలిచినదో లేదో తెలియునది వాడువానికి. ఒక ప్యాకేజీ విద్యార్థుల పేర్లను జాబితాగా ఇచ్చుననుకొందము. వరుసను గూర్చి రచయిత ఏమియు చెప్పలేదు, కాని పేర్లు అక్షరక్రమములోనే వచ్చుచుండెను. ఒక ఉపాధ్యాయుడు ఆ వరుసను నమ్మి ఎదురుగా మార్కులు చేర్చుకొనెను. తరువాత రచయిత వేగము కొరకు లోపలి పని మార్చెను, వరుస మారినది. రచయిత లెక్కలో మూడవ సంఖ్య పెరిగిన చాలును. ఉపాధ్యాయుని పట్టికలో ఒకరి మార్కులు మరొకరికి పడినవి! వాడువారు పెరిగినకొలది, ప్రకటింపని గుణమును కూడ ఎవరో ఒకరు నమ్ముకొందురను ఈ సంగతి హైరమ్ రైట్ పేరిట సూత్రముగా ప్రసిద్ధమైనది. ప్యాకేజీ ఏమి చేయునో ముందు ప్రకటింపుమని నియమావళి శాసించును గాని, ప్రకటింపనిదానిని గూర్చి దానికి సమాధానము లేదు.

మరియొక లోపము సున్న. మొదటి సంఖ్య సున్నగా నున్నంతకాలము ఏమైనను మారవచ్చునట. ఇది బిడియస్థులకు మంచి దాగుడుచోటు.

అందరికి ఈ పద్ధతియే తగునా? ఉబుంటు 24.04 అనగా 2024 ఏప్రిల్ అని మాత్రమే అర్థము. అది ఏ వాగ్దానము చేయదు గనుక తప్పదు కూడ. లినక్సు 2011లో 2.6.39 నుండి 3.0కు మారినపుడు పెద్ద మార్పేదియు లేదు. సంఖ్యలు పొడుగైనవని విసుగు పుట్టినది, అంతే. ఇతరులు తమ పనికి పునాదిగా వాడుకొను ప్యాకేజీలకు మూడు సంఖ్యలే మేలని నా అభిప్రాయము. నేరుగా మనుష్యులు వాడుకొను వాటికి తేదీ చాలును.

డొనాల్డ్ క్నూత్ రచించిన టెక్ అను అచ్చుకూర్పు ప్రోగ్రామునకు ఇవేవియు పట్టవు. ప్రతి దిద్దుబాటుతో దాని సంఖ్య ‘పై’ విలువకు ఒక్కొక్క అంకె దగ్గరగును. 2021లో అది 3.141592653 అయినది. తన మరణానంతరము దాని సంఖ్యను ‘పై’ అనియే ఉంచి, మిగిలిన తప్పులను ఇక గుణములుగా ఎంచవలెనని ఆయన ఏర్పాటు.