వీధి వైద్యునికి మనోవైద్యం

2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మనోవైద్యుడనగా ఎవరో స్పష్టంగానే చెప్పినది. వైద్యుడై, మనోవైద్యంలో గుర్తింపు గల పట్టా గాని డిప్లొమా గాని పొందినవాడు. ఎం.డి. చదువు మూడేండ్లు. శాఖ ఎంపికలో మాత్రం అభిరుచి కంటె ప్రవేశపరీక్ష ర్యాంకుకే బలమెక్కువ. ఆపైన పిల్లల మనోవ్యాధులనో, వ్యసనములనో ప్రత్యేకించి అభ్యసింపదలచిన వారికి బెంగుళూరు నిమ్‌హాన్స్ వంటి చోట్ల డి.ఎం. కలదు.

కాని పాతబస్తీలో రోగి మొదట పోయేది సాధారణంగా వీధి చివరి ఎం.బి.బి.ఎస్. వైద్యుని వద్దకే. "దిల్ ఘబ్రారా" అంటాడు. దిల్ అంటే గుండే, మనసూ కూడా! ఇది గుండె జబ్బా, ఆందోళనా? తేల్చవలసిన ఆ వైద్యునికి మనం నేర్పినదెంత? తుది పరీక్షలో మనోవైద్యానికి వేరే పత్రమే లేదు. జనరల్ మెడిసిన్ పత్రంలో అదొక మూల. అటువంటి పాఠాన్ని విద్యార్థులు ఎంత శ్రద్ధగా చదువుతారో ఉపాధ్యాయులకు వేరే చెప్పాలా?

1595 ప్రాంతాన కులీ కుతుబ్‌షా కట్టించిన దారుల్‌షిఫాలో చికిత్సా, హకీముల చదువూ ఒకేచోట సాగినవి. నేడు ఉస్మానియా వైద్య కళాశాల కోఠీలో ఉన్నది. దాని మనోవైద్యశాల ఊరి ఆ కొసన ఎర్రగడ్డలో. మనోవైద్యానికి వేరే పత్రం పెట్టవలెను. రోగి మాటలో రోగిని ప్రశ్నించగలడో లేదో కూడ పరీక్షించవలెను.