ఖాళీ గిన్నె తూకం

ముప్పై అయిదు మైక్రోగ్రాములు. ఒక చదరపు మీటరు ఉపరితలం మీద పరుచుకున్న హీలియం పొర 1 కెల్విన్ దగ్గర అతిద్రవంగా మారేటప్పుడు, అందులో ఘర్షణ లేకుండా జారిపోగల భాగం బరువు అంతే. మందంలో చెప్పాలంటే ఒక్క పరమాణువుల వరస కూడా పూర్తిగా నిండదు, మూడింట రెండు వంతులు నిండుతుంది. అది ఉండేది మూసిన లోహపు గదిలో, పరమశూన్యానికి ఒకటి రెండు డిగ్రీల పైన, ఏదో ఒక ఘనపదార్థాన్ని అంటిపెట్టుకుని. దాన్ని తీసి త్రాసులో వేసే మాటే లేదు. అయినా తూచారు. కొందరు శబ్దం పంపి తూచారు, కొందరు ఊపి తూచారు. ఈ మార్పును వివరించిన సిద్ధాంతానికి 2016లో నోబెల్ బహుమతి వచ్చింది కాబట్టి దాని గురించి చాలామంది రాశారు. తూచిన చేతుల పనితనం గురించి రాసినవాళ్లు తక్కువ. నాకు ఆ పనితనమే ఎక్కువ ఇష్టం.

ఎందుకు తూచాల్సి వచ్చిందో క్లుప్తంగా చెప్పి పనిలోకి వెళ్తాను. ద్రవ హీలియం 2.17 కెల్విన్ కిందికి చల్లబడితే అతిద్రవమవుతుందని 1938లో మాస్కో నుంచి కపిట్సా, కేంబ్రిడ్జి నుంచి ఆలెన్, మిజ్నర్ ప్రకటించారు. పాత్ర నిండా ఉన్న ద్రవంలో ఈ అతిద్రవ భాగం సున్నా నుంచి మెల్లగా పెరుగుతుంది. పలుచటి పొరలో అలా కాదని కోస్టర్‌లిట్జ్, థౌలెస్ 1973లో ఇచ్చిన సిద్ధాంతం దారి చూపింది. పొరలో పుట్టే చిన్న చిన్న సుడులు తమ ఎదురు సుడులతో జంట కట్టి ఉన్నంతసేపు అతిద్రవం నిలుస్తుంది. వేడికి ఆ జంటలు విడిపోతే ఒక్కసారిగా కూలిపోతుంది. 1977లో నెల్సన్, కోస్టర్‌లిట్జ్ దీనికి అంకె కట్టారు. కూలిపోయే చోట చదరపు సెంటీమీటరుకు ఉన్న అతిద్రవాన్ని ఉష్ణోగ్రతతో భాగిస్తే ప్రతిసారీ ఒకే విలువ, ఇంచుమించు 3.5 × 10⁻⁹ గ్రాములు, రావాలన్నారు. పొర మందంతో పనిలేదు, కింద ఏ పదార్థం ఉందన్నదానితో పనిలేదు. పైన చెప్పిన 35 మైక్రోగ్రాములు ఈ లెక్కలోంచి వచ్చినవే.

ఇక పని. సరుకు ఇంత తక్కువగా ఉన్నప్పుడు మొదట చేయాల్సింది ఉపరితలాన్ని పెంచడం. అందుకు అన్నిటికంటే చవకైన దారి పొడి. లోహాలకు అద్దంలాంటి మెరుగు పెట్టడానికి వాడే అల్యూమినా పొడి 0.05 మైక్రాన్ రేణువులతో దొరుకుతుంది. రేణువు గుండ్రంగా ఉందనుకుంటే, ఒక గ్రాము పొడి మొత్తం ఉపరితలం సుమారు 30 చదరపు మీటర్లు అవుతుంది. అంటే ఒక గ్రాము పొడిలో ఒక మిల్లీగ్రాము అతిద్రవం పడుతుంది. వెయ్యిలో ఒక వంతు! ఈ రంగంలో ఇది పెద్ద సంపదే.

అయితే పొడి తెచ్చుకోగానే అయిపోదు. గాలిలో ఉన్న పొడి ప్రతి రేణువు మీదా తేమ పట్టి ఉంటుంది. దాన్ని శూన్యంలో వేడి చేసి ఆరబెట్టకపోతే హీలియం పొర పరుచుకునేది అల్యూమినా మీద కాదు, పేరు తెలియని మడ్డి మీద. తరువాత పొడిని అచ్చులో అదిమి బిళ్ల చేయాలి. వదులుగా అదిమితే రేణువులు ఒకదానికొకటి సరిగా ఆనక శబ్దం ముందుకు పోదు. మరీ గట్టిగా అదిమితే సందులు మూసుకుపోయి హీలియం లోపలికి పోదు. అన్నిటికంటే చెడ్డది ఒకచోట గట్టిగా, ఒకచోట వదులుగా ఉండటం. పది మెగాహెర్ట్జ్ అతిధ్వని ఈ బిళ్లలో సెకనుకు వెయ్యి మీటర్లు పోతుందనుకుంటే దాని తరంగదైర్ఘ్యం 100 మైక్రాన్లు. రేణువు అందులో రెండువేలవ వంతు. కాబట్టి విడి రేణువులు శబ్దాన్ని పెద్దగా చెదరగొట్టవు. ఉండలు కట్టిన చోట్లు చెదరగొడతాయి. ఆ చెదిరింపు పౌనఃపున్యంతో పాటు నాలుగో ఘాతంలో పెరుగుతుంది. అంటే శబ్దం రెట్టింపు సన్నబడితే నష్టం పదహారు రెట్లు. ఏకరీతిగా అదిమిన బిళ్ల చేయడం ఏ సమీకరణంలోనూ కనిపించని విద్య. ఫలితం బాగుందా లేదా అన్నది చాలాసార్లు అక్కడే తేలిపోతుంది.

పొడి అసలు ఉపరితలం ఎంతో ఊహించుకుంటే కుదరదు, కొలవాలి. ద్రవ నైట్రోజన్ ఉష్ణోగ్రతలో నైట్రోజన్ వాయువును కొద్దికొద్దిగా పట్టించి, ఎంత అంటుకుందో, పీడనం ఎంత మిగిలిందో రాసుకుంటూ పోయే పద్ధతిని 1938లో బ్రూనావర్, ఎమ్మెట్, టెల్లర్ ఇచ్చారు. ఇప్పటికీ అదే వాడుక. హీలియాన్ని కూడా ఇలా లెక్కపెట్టే లోపలికి పంపుతారు. గది ఉష్ణోగ్రతలో ఘనపరిమాణం కచ్చితంగా తెలిసిన చిన్న పాత్రలో వాయువు నింపి, పీడనం చూసి, కవాటం తెరిచి, మళ్లీ పీడనం చూస్తారు. తగ్గినదంతా లోపలికి పోయినది. మనం అనుకున్న ఒక మిల్లీగ్రాముకు, మామూలు వాతావరణ పీడనంలో, సుమారు 6 ఘన సెంటీమీటర్ల వాయువు చాలు. దాని అడుగున, గోడ ఆకర్షణకు ఘనంలా బిగుసుకుపోయి ఎన్నటికీ కదలని పొరకు పట్టేది అదనం.

ఆ వాయువు గురించి ఒక పక్కమాట. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణాన్ని జాన్సెన్ గుంటూరు నుంచి, పాగ్సన్ మచిలీపట్నం నుంచి చూశారు. సూర్యుడి అంచు జ్వాలల వర్ణపటంలో ఆ ఏడాది తగిలిన పసుపు గీత సోడియానిది కాదని తేలిన తరువాతే హీలియం అనే పేరు పుట్టింది. భూమి మీద అది రామ్సే చేతికి చిక్కింది 1895లో. మన ఊళ్ల పేర్లు ఈ మూలకం కథలో మొదటి పేజీలోనే ఉన్నాయి.

లోపలికి పంపిన హీలియం వెంటనే సమంగా పరుచుకోదు. ముందు తగిలిన రేణువుల మీద ఎక్కువ పట్టి, వెనకవాటికి తక్కువ మిగులుతుంది. కాబట్టి కాస్త వెచ్చగా ఉన్నప్పుడే పట్టించి, గంటల తరబడి ఆగి, మెల్లగా చల్లబరుస్తారు. పొర కుదురుకున్న తరువాత ఇంకో బెడద. అతిద్రవం ఊరుకోదు. వాయువు తెచ్చిన సన్నని గొట్టం గోడల మీదుగా పైకి పాకి, వెచ్చటి చోట ఆవిరై, మళ్లీ కిందికి వచ్చి, వేడిని మోసుకొస్తూ ఉంటుంది. అందుకే ఆ గొట్టాన్ని వీలైనంత సన్నగా చేస్తారు. మూతల మధ్య ఇండియం తీగ పెట్టి నొక్కుతారు. గది ఉష్ణోగ్రతలో పరీక్షకు నిలిచిన అతుకు కూడా అతిద్రవం దగ్గర కారవచ్చు.

ఇప్పుడు శబ్దం. బిళ్లకు రెండు వైపులా పీజోఎలక్ట్రిక్ స్ఫటికాలు అంటిస్తారు. ఒకటి విద్యుత్ స్పందనను కంపనంగా మార్చి పంపుతుంది, రెండోది కంపనాన్ని అందుకుని విద్యుత్తుగా మారుస్తుంది. వచ్చిన స్పందన రెండు సంగతులు చెబుతుంది. ఎంత ఆలస్యంగా వచ్చిందన్నది వేగం. ఎంత బలహీనపడి వచ్చిందన్నది క్షీణత. రేణువులు శబ్దంతో పాటు ఊగేటప్పుడు, వాటిని అంటుకున్న హీలియం కూడా ఊగితే బిళ్ల బరువెక్కినట్టే, వేగం తగ్గుతుంది. పొరలో కొంత అతిద్రవమైతే ఆ కొంత రేణువుతో కదలకుండా ఉన్నచోటే ఉండిపోతుంది, వేగం మళ్లీ పెరుగుతుంది. వెయ్యిలో ఒక వంతు బరువు విడిపోతే వేగం రెండువేలలో ఒక వంతు పెరగాలి. ఒక సెంటీమీటరు బిళ్లలో వంద తరంగాలు పడతాయి కాబట్టి, చివర చేరేసరికి తేడా తరంగంలో ఇరవయ్యో వంతు, అంటే 18 డిగ్రీల దశ. నిజానికి ఇంకా తక్కువే వస్తుంది. రేణువుల మధ్య వంకర సందుల్లో అతిద్రవంలో కొంత భాగం ఘర్షణ లేకపోయినా రేణువులతో పాటు నెట్టుకుపోబడుతుంది. అయినా మంచి దశాపరికరానికి ఇది బాగా అందే సంకేతం.

క్షీణత అంత సులువు కాదు, కానీ రుచి అంతా అందులోనే. జంట సుడులు విడివడే ఉష్ణోగ్రత దగ్గర శబ్దం వాటిని అటూ ఇటూ లాగుతుంది. ఆ లాగడంలో శక్తి పోతుంది, కాబట్టి క్షీణత అక్కడ శిఖరంలా లేవాలి. శిఖరం వెడల్పు పౌనఃపున్యం మీద ఆధారపడుతుంది. ఒక డోలనకాలంలో సుడి ఎంత దూరం సంచరించగలదో ఆ కొలతలో ఉన్న జంటలే శబ్దానికి తగులుతాయి మరి. సుడుల వ్యాప్తి గుణకాన్ని సిద్ధాంతం సూచించే ప్రమాణంలో, సెకనుకు 1.6 × 10⁻⁴ చదరపు సెంటీమీటర్లుగా తీసుకుని లెక్క వేస్తే, పది మెగాహెర్ట్జ్ దగ్గర ఆ దూరం దాదాపు 0.06 మైక్రాన్ వస్తుంది. మన పొడి రేణువు 0.05 మైక్రాన్! అంటే అతిధ్వని, పొడి కలిసినచోట సుడి ఒక్క డోలనంలో తిరిగే దూరం, అది తిరగాల్సిన గోళం పరిమాణం ఇంచుమించు ఒకటే అవుతాయి. చదునైన పొరకు రాసిన సిద్ధాంతం గుండ్రటి రేణువు మీద ఎంతవరకు నిలుస్తుందో అడగడానికి ఇంతకంటే మంచి చోటు లేదు. 1984లో కొట్సుబో, విలియమ్స్ అదిమిన అల్యూమినా పొడిలో అతిద్రవ పరివర్తన మీద ప్రచురించిన పని ఈ ప్రశ్నను పౌనఃపున్యం వైపు నుంచి కాక రేణువు పరిమాణం వైపు నుంచి పట్టుకుంది.

ఈ తంతులో నాకు అన్నిటికంటే గొప్పగా తోచేది హీలియం లేకుండా చేసే కొలత. నెయ్యి తూచే కొట్టువాడు ముందు ఖాళీ గిన్నె బరువు చూసుకున్నట్టు, వీళ్లు ఖాళీ బిళ్లను అవే ఉష్ణోగ్రతల గుండా, అదే ఓపికతో, కొలుస్తారు. ఖాళీ బిళ్ల ఊరికే ఉండదు. ఉష్ణోగ్రత మారితే దాని వేగమూ మారుతుంది, క్షీణతా మారుతుంది. గాజు లాంటి పదార్థమైతే మరీను. గాజులోని కొన్ని పరమాణువులు రెండు స్థానాల మధ్య గెంతుతూ, పరమశూన్యం దాపుల్లో కూడా శబ్దవేగాన్ని మారుస్తూనే ఉంటాయి. స్పందన బలం కాస్త ఎక్కువైతే అదే బిళ్లను వేడి చేస్తుంది, మనం కొలిచేది మన చేతివేడినే అవుతుంది. వీటన్నిటినీ ముందే పట్టి, రాసి, తీసేయగా మిగిలినదాన్నే హీలియం అనాలి. పత్రికలో అచ్చయ్యేది ఆ మిగిలిన గీత ఒక్కటే. తీసేసినదాని వెనక వారాల పని ఉంటుంది.

ఈ విద్యకు నమూనా చూపమంటే నేను 1978లో కార్నెల్ విశ్వవిద్యాలయంలో డేవిడ్ బిషప్, జాన్ రెప్పీ చేసిన ప్రయోగాన్ని చూపిస్తాను. అందులో పొడి లేదు, మెగాహెర్ట్జ్ శబ్దమూ లేదు. పొడవాటి మైలార్ పట్టీని చాపలా చుట్టి డబ్బీలో పెట్టి, ఆ డబ్బీని బెరీలియం రాగి కడ్డీకి తగిలించి, సెకనుకు కొన్ని వేలసార్లు మెలితిప్పి ఊపారు. 1946లో ఆండ్రోనికాష్విలి పళ్లేల దొంతరతో చేసిన పాత ప్రయోగమే ఇది, వంశం అదే. కానీ ఇక్కడ ప్రతి నిర్ణయమూ ఖాళీ డబ్బీని నిశ్శబ్దంగా ఉంచడానికి తీసుకున్నదే. బెరీలియం రాగి ఎందుకంటే చలిలో అది ఊగితే ఆగదు, శక్తిని తినదు. హీలియం వెళ్లే దారిని విడిగా గొట్టం కట్టకుండా కడ్డీ మధ్య తొలిచిన రంధ్రంలోంచే ఇచ్చారు, ఊపుకు అడ్డం రాకుండా. పొర అతిద్రవమైతే డబ్బీతో తిరగదు, డోలనకాలం ఒక వెంట్రుక తగ్గుతుంది. అదే చోట శక్తినష్టం శిఖరంలా లేస్తుంది. వాళ్ల కొలతలనూ, పొర మీద అలలు పంపి ఇతరులు చేసిన కొలతలనూ కలిపి ఒక పటం మీద గుర్తిస్తే అన్నీ నెల్సన్, కోస్టర్‌లిట్జ్ చెప్పిన ఒకే సరళరేఖ పక్కన కూర్చున్నాయి. అలాంటి పటం ఒక్కటి గీయగలిగితే ఒక జీవితానికి చాలు.

గిన్నె తూకం సరిపోని చోట ఏమవుతుందో కూడా ఇదే రకం పరికరం చూపించింది. 2004లో పెన్సిల్వేనియా స్టేట్ విశ్వవిద్యాలయంలో కిమ్, ఛాన్ వైకార్ అనే సచ్ఛిద్ర గాజులో ఘన హీలియాన్ని నింపి ఊపితే డోలనకాలం తగ్గింది. ఘనమే ఘర్షణ లేకుండా పారుతోందేమోనని ప్రపంచమంతా లేచి కూర్చుంది. అదే వైకార్ గాజులో హీలియం ఉండగా అతిధ్వని పంపి చూసిన పని ఒకటి 1983లోనే ప్రచురించినవాళ్లలో జాన్ బీమిష్ ఒకరు. ఆయన జేమ్స్ డేతో కలిసి 2007లో రెండు పీజోఎలక్ట్రిక్ పలకల మధ్య ఘన హీలియాన్ని పెట్టి దాని బిగువునే నేరుగా కొలిచారు. చల్లబడేకొద్దీ ఘన హీలియం బిగుసుకుంటోందని తేలింది. డబ్బీలో మూలమూలల ఉన్న ఘనం బిగుసుకున్నా డోలనకాలం తగ్గుతుంది, ఏదీ పారనక్కర్లేదు. ఖాళీ డబ్బీని కొలిచి తీసేస్తే సరిపోయే దోషం కాదిది, ఎందుకంటే నిండిన తరువాతే పుడుతుంది.

ఇక్కడ ఛాన్ చేసిన పనిని మెచ్చుకోకుండా ఉండలేను. వాదనకు దిగలేదు. పరికరాన్నే మార్చారు. వైకార్ గాజు చుట్టూ విడి ఘనం నిలవడానికి చోటే లేకుండా కొత్తగా, మరింత దృఢంగా చేసి, మొదటి ప్రయోగాన్ని మళ్లీ చేశారు. 2004 నాటి సంకేతం కనిపించలేదు. అలా కనిపించలేదని 2012లో ఆయనే, 2004 నాటి కిమ్ కాని మరో కిమ్‌తో కలిసి, ప్రచురించారు.