ఒక చెయ్యి, ఏడు నరాలు

1903 ఏప్రిల్ 25న లండన్ డాక్టరు హెన్రీ హెడ్ తన ఎడమ మోచేతి దగ్గర కత్తి పెట్టించుకున్నాడు. ఆయనకు జబ్బేమీ లేదు. చర్మానికి స్పర్శ మోసే రెండు నరాలను సర్జన్ హెన్రీ డీన్ తెంపి, చిన్న ముక్క తీసేసి, కొసల్ని పట్టుదారంతో కలిపి కుట్టాడు. తెగిన నరం మళ్ళీ అల్లుకునేటప్పుడు మనిషికి ఏం తెలుస్తుందో చూడాలని హెడ్ కోరిక. అంతకు ముందు రోగుల్ని అడిగి అడిగి విసిగిపోయాడు. వాళ్ళు "తెలుస్తోంది" అంటారు, లేదా "తెలియట్లేదు" అంటారు. ఎలా తెలుస్తోందని గుచ్చి అడిగితే తికమక పడతారు. చివరికి ఆ రోగి తానే అయ్యాడు.

ఆయనను పరీక్షించినవాడు కేంబ్రిడ్జిలోని డబ్ల్యు.హెచ్.ఆర్. రివర్స్. నాలుగేళ్ళకు పైగా, వారాంతాల్లో, సెయింట్ జాన్స్ కాలేజీలో రివర్స్ గదుల్లో హెడ్ కళ్ళు మూసుకుని కూర్చునేవాడు. రివర్స్ దూదితో, సూదితో, సన్నని వెంట్రుకలతో, మంచుతో, వేడినీళ్ళతో ఆ చేతిని తాకుతూ రాసుకునేవాడు. మొత్తం 167 రోజుల పరీక్షలు. 1908లో 'బ్రెయిన్' పత్రికలో వందకు పైగా పేజీల వ్యాసంగా అచ్చయ్యాయి.

ఈ ముచ్చట నాడీ వైద్యం చదివినవాళ్ళకే కాదు, నవలలు చదివేవాళ్ళకూ తెలుసు. పాట్ బార్కర్ 1991 నవల 'రీజెనరేషన్' పేరు వెనక ఉన్నది ఈ ప్రయోగమే. దీని పక్కన పెట్టి చదవాల్సిన ఇంకో వ్యాసం మాత్రం చాలామందికి తెలియదు. యూనివర్సిటీ కాలేజ్ హాస్పిటల్ సర్జన్ విల్‌ఫ్రెడ్ ట్రాటర్, మోరిస్టన్ డేవిస్ కలిసి 1909లో 'జర్నల్ ఆఫ్ ఫిజియాలజీ'లో రాశారు. అదీ వంద పేజీలు దాటినదే. వీళ్ళిద్దరూ తమ ఒళ్ళలో కలిపి ఏడు చర్మపు నరాలు తెగ్గోయించుకున్నారు. ప్రశ్న ఒకటే, పద్ధతీ దాదాపు ఒకటే. జవాబులు మాత్రం ఎదురెదురుగా నిలబడ్డాయి.

ముందు నరం సంగతి కొంచెం. తెలుగులో ఈ మాటతో ఒక చిక్కుంది. సెలైన్ ఎక్కించడానికి నర్సు వెతికేదీ నరమే, మెడ పట్టేసినప్పుడు పట్టిందనుకునేదీ నరమే. మొదటిది రక్తం గొట్టం. రెండోది తీగల కట్ట: లోపల వేల తంతువులు, కొన్ని కొవ్వు తొడుగుతో లావుగా, కొన్ని తొడుగు లేకుండా వెంట్రుక కంటే సన్నగా. తంతువుకు ప్రాణం వెన్ను దగ్గరున్న కణంలో ఉంటుంది. కాబట్టి తెగిన చోటికి అవతలి భాగం, కణంతో సంబంధం పోయి, ముక్కలై కరిగిపోతుంది. కప్ప నాలుక నరాలు కోసి 1850లో అగస్టస్ వాలర్ చూపించింది ఇదే. కరిగిన చెత్తను తంతువుల్ని చుట్టి ఉండే ష్వాన్ కణాలూ, రక్తం నుంచి వచ్చిన భక్షక కణాలూ ఊడ్చేస్తాయి. ఆ తర్వాత ష్వాన్ కణాలు వరసగా బారులు తీరి ఖాళీ దారులు సిద్ధం చేస్తాయి. ఇవతలి కొస నుంచి కొత్త మొలకలు ఆ దారుల్లోకి పాకుతాయి. వేగం రోజుకు సుమారు ఒక మిల్లీమీటరు. మోచేతి నుంచి వేళ్ళ దాకా రావాలంటే ఏడాది మాటే. అందులోనూ ఏ మొలక తన పాత దారిలోకే వెళ్తుందన్న పూచీ లేదు. బొటనవేలికి పోవాల్సింది మణికట్టులో తేలొచ్చు. మెదడు దగ్గర మాత్రం పాత పటమే ఉంటుంది. మణికట్టు మీద తాకితే బొటనవేలు అంటుంది. ఇది చాలదన్నట్టు, పక్కన తెగకుండా ఉన్న నరాల నుంచి నొప్పి మోసే సన్న తంతువులు మొద్దుబారిన ప్రాంతంలోకి కొమ్మలు వేస్తాయి. ఇదంతా తర్వాత తేలిన సంగతి. 1908లో వాళ్ళ చేతిలో ఉన్నది దూదీ సూదే.

హెడ్, రివర్స్‌ల వ్యాసాన్ని నవలలా చదవొచ్చు. నరాలు తెగాక చర్మం మొద్దుబారింది గానీ, పెన్సిలుతో అదిమితే తెలుస్తూనే ఉంది. దాన్ని వాళ్ళు లోతు స్పర్శ అన్నారు. రెండు నెలలు తిరగకముందే ముంజేతి మీద సూదిపోటు తిరిగొచ్చింది. వచ్చినది మామూలు సూదిపోటు కాదు. గుచ్చితే జివ్వుమని చుట్టూ పాకుతుంది, ఎక్కడ గుచ్చారో చెప్పలేడు, చెయ్యి వెనక్కి లాక్కోవాలనిపిస్తుంది. మంచు తెలుస్తుంది, బాగా వేడి తెలుస్తుంది, గోరువెచ్చన తెలియదు. దూదితో నిమిరితే మరీ వింత: వెంట్రుకలు కదిలితే ఒళ్ళు జలదరిస్తుంది, అక్కడే వెంట్రుకలు గొరిగి నిమిరితే ఏమీ లేదు. ఏడాది దాటాక మెల్లగా రెండో రకం స్పర్శ వచ్చింది. దూది తెలిసింది, చోటు తెలిసింది, గోరువెచ్చన తెలిసింది, పాత జివ్వు సర్దుకుంది. మొదటి దానికి ప్రోటోపతిక్ అనీ, రెండో దానికి ఎపిక్రిటిక్ అనీ గ్రీకు పేర్లు పెట్టారు. మొదటిది పాతకాలపు మోటు వ్యవస్థ, రెండోది పరిణామంలో తర్వాత వచ్చి దాన్ని అదుపులో పెట్టిన నాజూకు వ్యవస్థ, నరాలు కూడా రెండింటికీ వేర్వేరు అన్నది వాళ్ళ సిద్ధాంతం.

ట్రాటర్, డేవిస్‌ల వ్యాసం రెవెన్యూ సర్వే రికార్డులా ఉంటుంది. హద్దులు, కొలతలు, మళ్ళీ హద్దులు. రెండు సిట్టింగుల్లో గానీ పూర్తిచేయలేకపోయానని ఒప్పుకుంటాను. కానీ ఆ హద్దుల దగ్గరే కథ మలుపు తిరుగుతుంది. దూది తెలియని ప్రాంతం పెద్దది, సూది తెలియని ప్రాంతం చిన్నది. మధ్యలో ఒక పట్టీ మిగులుతుంది. రెండు వేర్వేరు వ్యవస్థలకు అది సాక్ష్యమన్నారు హెడ్, రివర్స్. ట్రాటర్, డేవిస్ ఆ హద్దును గీతగా ఒప్పుకోలేదు. మొద్దుదనం గట్టులా నిటారుగా ఆగదు, చెరువు అంచున తడి నేల ఆరినట్టు కొద్దికొద్దిగా తగ్గుతుంది. గట్టిగా తాకేది లోపలి దాకా తెలుస్తుంది, మెత్తగా తాకేది బయటే ఆగిపోతుంది. సూదికీ దూదికీ తేడా జాతిలో లేదు, బలంలో ఉంది. ఇక తిరిగి రావడమూ రెండు విడతల్లో కాదు: అన్ని రకాల స్పర్శా ఇంచుమించు ఒకేసారి మొదలై నెమ్మదిగా మెరుగయింది.

మరి ఆ జివ్వు మాటేమిటి? వాళ్ళూ దాన్ని చూశారు. దానికి రెండు గుణాలున్నాయన్నారు. ఒకటి, తిరిగొచ్చిన స్పర్శ ఉన్నదానికంటే ఎక్కువగా అనిపిస్తుంది. రెండు, తాకింది ఒకచోటైతే తెలిసేది నరం చివర ఇంకోచోట. ఈ రెండూ కోలుకుంటున్న నరానికే సొంతం, ఆరోగ్యంగా ఉన్న చర్మంలో ఎక్కడా లేవు. వాళ్ళ వ్యాసంలో నన్ను ఆపి కూర్చోబెట్టిన మాట ఇదే. హెడ్‌కు కనిపించిన మోటు మనిషి మన అడుగున దాక్కున్న పూర్వీకుడు కాడు. సగం కట్టిన ఇంట్లో వైరింగు తిరగబడితే హాల్లో స్విచ్ వేస్తే వంటింట్లో లైటు వెలిగినట్టు, అది మరమ్మతు మధ్యలోని గందరగోళం.

హెడ్, రివర్స్ పొరపాటు నాకు ఇక్కడే కనిపిస్తుంది. కాలంలో జరుగుతున్న ఒక పనిని వాళ్ళు శరీర నిర్మాణంగా చదివారు. ముందు వచ్చింది కాబట్టి పాతది, వెనక వచ్చింది కాబట్టి కొత్తది అన్నారు. బళ్ళో ముందు బెంచీలో కూర్చున్నవాడు వయసులో పెద్ద అన్నట్టుంది ఈ లెక్క. పైది నాగరికం, కింది మెట్టు ఆదిమం, పైది దెబ్బతింటే కిందిది బయటపడుతుంది అన్న ఊహ అప్పటి ఇంగ్లిష్ నాడీశాస్త్రానికి నాడీవైద్యుడు హ్యూలింగ్స్ జాక్సన్ నుంచి వచ్చిన ఆస్తి. రివర్స్ ఈ పనికి కూర్చున్నది నీలగిరుల్లో తోడా తెగవాళ్ళ మధ్య 1901–02లో పరిశోధన చేసి వచ్చిన కొద్దికాలానికే. ఆ పరిశోధన మీద ఆయన పుస్తకం 'ది తోడాస్' 1906లో వచ్చింది. తోడాల గురించి ఆయన రాసినదాన్ని ఇక్కడికి లాగి తప్పు పట్టను, అది వేరే లెక్క. మోటుదీ నాజూకుదీ అనే మెట్లు మాత్రం ఆ చేతిలో దొరికినవి కావు, గదిలోకి వాళ్ళే తెచ్చుకున్నవి. 1920లో 'ఇన్‌స్టింక్ట్ అండ్ ది అన్‌కాన్షస్'లో రివర్స్ ఆ రెండు గ్రీకు మాటల్నీ మనసుకే అంటగట్టాడు. చేతి మీద నిలబడని సిద్ధాంతం అంతదూరం నడిచింది.

అయితే పద్ధతి విషయంలో నేను పూర్తిగా ట్రాటర్ పక్షం కాదు. హెడ్ దగ్గర తాకేవాడు ఒకడు, తెలిసేవాడు ఒకడు. తాకేవాడికి ఏం తెలుస్తోందో తెలియదు, తెలిసేవాడికి ఏం తాకారో తెలియదు. ఆ విడదీత గట్టిది. కానీ సిద్ధాంతం ఇద్దరికీ తెలుసు, చెయ్యి ఒక్కటే. ట్రాటర్, డేవిస్ ఒకరినొకరు పరీక్షించుకున్నారు, నరాలు ఏడు. ఒక నరంలో కనిపించిన వింత రెండో దాంట్లో లేకపోతే దాన్ని పక్కన పెట్టగలిగారు. హెడ్‌వి రెండే, అవీ ఒకే చేతిలో ఒకేసారి తెగినవి. ఆయనకు ఆ వెసులుబాటు లేదు, ఇంకో నరం కోయించుకోనూ లేదు.

ఆ తర్వాతి సాక్ష్యమూ ట్రాటర్ వైపే మొగ్గింది. అమెరికాలో ఎడ్విన్ బోరింగ్ తన చేతి నరం తానే తెంపించుకుని 1916లో రాసిన వ్యాసంలో రెండు వ్యవస్థలు కనపడలేదన్నాడు. హెడ్ వ్యాసం వేసిన 'బ్రెయిన్' పత్రికలోనే 1942లో ఫ్రాన్సిస్ వాల్ష్ ఆ సిద్ధాంతాన్ని ముక్కముక్కలుగా విప్పాడు. 1915లో ఒకరితో ఒకరు యుద్ధంలో ఉన్న దేశాల నుంచి ఇద్దరు డాక్టర్లు, జర్మనీలో పాల్ హాఫ్‌మన్, ఫ్రాన్సులో జూల్ టినెల్, విడివిడిగా ఒకే గుర్తు పట్టారు. కుట్టిన నరం వెంబడి వేలితో తడుతూ పోతే, మొలకలు చేరిన చోట తట్టగానే నరం చివర చీమలు పాకుతాయి. వారం వారం ఆ చోటు ముందుకు జరిగితే నరం పెరుగుతోందని అర్థం. తాకింది ఒకచోట, తెలిసింది ఇంకోచోట: ట్రాటర్, డేవిస్ రాసిన రెండో గుణానికి ఇది దగ్గరి చుట్టం. చేతుల సర్జన్లు ఇప్పటికీ అలా తట్టి చూస్తారు.

హెడ్‌కు రావాల్సిన మార్కులూ ఉన్నాయి. తంతువుల్లో లావువీ సన్నవీ వేర్వేరు పనులు చేస్తాయని తర్వాత ఎర్లాంజర్, గాసర్ చూపించారు. 1944లో నోబెల్ వచ్చింది. నొప్పికీ సున్నితమైన స్పర్శకీ తంతువులు చాలామటుకు వేరే. అంటే హెడ్ చూసిన చీలిక పూర్తిగా గాల్లోంచి రాలేదు, మెట్లు కట్టడమే తప్పయింది. అదీ గాక, ఏం అనిపించిందో చెప్పడంలో ట్రాటర్ ఆయన దరిదాపుల్లోకి రాడు. చెయ్యి తనదే అయినా అపరిచితుడి చెయ్యిలా తిప్పి చూసే ఓపిక హెడ్‌ది. జివ్వుమనడం, చురుక్కుమనడం, జలదరించడం, తిమ్మిరెక్కడం: మనం నోటితో అలవోకగా విడదీసేవాటిని ఆయన వాక్యాల మీద వాక్యాలు పేర్చి పట్టుకున్నాడు.

ఇప్పుడు షుగర్ రోగి పాదం మీదా, కుష్ఠు క్లినిక్‌లో అరచేతి మీదా నైలాన్ పోగు ఆనించి చూస్తారు. రివర్స్ వాడిన వెంట్రుకలకు అది వారసురాలు. షుగర్ పాదానికి వాడేది పది గ్రాముల ఒత్తిడికి వంగుతుంది. కళ్ళు మూసుకోమంటారు, పోగు వంగేదాకా ఆనిస్తారు, తెలిసిందా అంటారు. తెలిస్తే టిక్కు, లేకపోతే ఇంటూ. ట్రాటర్‌కు ఈ కాగితం నచ్చేది. చెయ్యి కోసుకుని నరం కుట్టించుకున్న మా చుట్టాలావిడ ఒకరు, ముట్టుకుంటే బొటనవేలు మండుతోందనీ, ముట్టుకున్నది బొటనవేలే కాదనీ ఆరునెలల పాటు చెబుతూ వచ్చింది. ఆమె చేతిలో ఉన్న కాగితంలోనూ రెండు గళ్ళే ఉన్నాయి.