‘అకరణీయం’ అనే మాట: పదో తరగతి గణిత పాఠ్యభాష - ఒక పరిశీలన

ప్రవేశిక:
పదో తరగతి గణితంలోని ‘వాస్తవ సంఖ్యలు’ అధ్యాయంలో √2 కరణీయ సంఖ్య అని నిరూపించడం పరీక్షకు తప్పక సిద్ధం చేసుకునే అంశం. √2ను మొదట అకరణీయమని ఊహించి, సామాన్య కారణాంకం లేని భిన్నంగా రాసి, చివరికి లవహారాలు రెండూ సరిసంఖ్యలే అవుతాయని చూపి, ఆ ఊహను ఖండిస్తారు. ఈ మెట్లన్నీ కంఠస్థం చేసిన విద్యార్థికి ‘అకరణీయం’ అనే పేరు ఎందుకు వచ్చిందో మాత్రం తెలియనవసరం లేకుండా పోయింది. ఈ లోపంలో పరీక్షతోపాటు పాఠ్యభాషకూ భాగముందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

పదచర్చ:
వ్యవహారంలో ‘కరణీయం’ అంటే చేయదగినది, ‘అకరణీయం’ అంటే చేయరానిది. ఈ అర్థంతో చదివితే గణితం తలకిందులవుతుంది. భిన్నంగా రాయగలిగిన సంఖ్యే చేయరానిదవుతుంది. నిజానికి ఈ పదానికి మూలం ‘కరణి’. శుల్బసూత్రాలలో చతురస్రపు కర్ణాన్ని ‘ద్వికరణి’ అన్నారు. ఆ కర్ణమే భుజంగా గీసిన చతురస్రానికి వైశాల్యం రెట్టింపవుతుంది. తరువాతి గణితజ్ఞులు √2 వంటి మూలాలను కరణులన్నారు. అందువల్ల కరణికి చెందినది కరణీయం, చెందనిది అకరణీయం.

ఆంగ్లపదం దారి వేరు. ‘రేషనల్’ అనే మాట నిష్పత్తి అనే అర్థమున్న ‘రేషియో’కు సంబంధించినది. అక్కడ నిషేధార్థకం √2 వైపు చేరితే, తెలుగులో 3/4 వైపు చేరింది. ఆంధ్రప్రదేశ్‌లో 2020-21 నుండి దశలవారీగా వచ్చిన ద్విభాషా పుస్తకాలలో ఆంగ్లం, తెలుగు ఎదురెదురు పుటల్లో ఉంటాయి. రెండు పుటలూ పోల్చి చదివే విద్యార్థికి ఈ తారుమారును వివరించవలసిన బాధ్యత పుస్తకానిదే.

ప్రాంతీయ నిదర్శనాలు:
ఈ భావనలకు కడప జిల్లాలో ఉదాహరణలు కొరత కావు. ప్రొద్దుటూరు బంగారు అంగళ్లలో 22 క్యారెట్లంటే 24 పాళ్లలో 22 పాళ్ల బంగారం. 11/12 అనే ఆ నిష్పత్తి అకరణీయ సంఖ్య. జమ్మలమడుగులో ఒక ఇంటి నేలకు పరిచిన కడప బండ అడుగు చదరమైతే, దాని కర్ణం √2 అడుగులు. పులివెందుల చీనీ తోటలో చెట్లను 6 మీటర్ల ఎడంతో చతురస్రంగా నాటితే మూల నుండి మూలకు 6√2 మీటర్లు. బండ నుండి తోటకు కొలత మారినా, కర్ణానికీ భుజానికీ మధ్య సంబంధం మారలేదు. దానిని ఏ రెండు పూర్ణసంఖ్యల నిష్పత్తిగానూ రాయలేమన్నదే పరీక్షలో రాసే నిరూపణకు సారం.

ముగింపు:
ఇటువంటి సంస్కృత పదాలను వదలి ఆంగ్లపదాలనే తెలుగు లిపిలో రాస్తే సరిపోతుందనే వాదం ఉంది. కానీ ‘రేషియో’ సంగతి చెప్పకపోతే ‘రేషనల్’ కూడా అర్థంలేని గుర్తుగానే మిగులుతుంది. మహావీరాచార్యుని సంస్కృత గణితాన్ని పావులూరి మల్లన తెలుగు పద్యాల్లోకి తెచ్చిన నాటి నుండి గణితం చెప్పడం తెలుగు రచనలో భాగమే. పారిభాషిక పదాన్ని మార్చడం కంటే, దాని పక్కన రెండు వాక్యాల వ్యుత్పత్తి వివరణ చేర్చడం, పరీక్షలో ‘ఈ పేరు ఎందుకు?’ అనే ఒక ప్రశ్న అడగడం తక్షణం సాధ్యమైన మార్పులు. ఆ వివరణలను గణితోపాధ్యాయులతో కలిసి సిద్ధం చేయడం తెలుగు శాఖలు చేపట్టదగిన పరిశోధన. అప్పుడే ద్విభాషా పుస్తకంలోని తెలుగు పుట ఆంగ్ల పుటకు నీడగా కాక, భావనను విప్పిచెప్పే పుటగా నిలుస్తుంది.