నిట్టాడు ఎక్కడ నాటాలి?

ఉత్తర తెలంగాణ పాత ఇళ్ల మాట వస్తే ముందు గడీలే గుర్తుకొస్తాయి. కరీంనగర్ వైపు దొరలు కట్టించుకున్న మేడలు, నడుమ వాకిలి వదిలి చుట్టూ గదులు వేసిన భవంతి ఇళ్లు. ఆదిలాబాద్ గుట్టలెక్కి ఉట్నూర్, జైనూర్ గూడేలకు పోతే కనిపించే ఇంటిని మాత్రం గుడిసె అనేసి ఊరుకుంటాం. గడీ కట్టించుకున్న దొర తట్టెడు మట్టి మోయలేదు. ఇక్కడ కొలత చూసుకున్నవాళ్లే కట్టె కొట్టారు, మట్టి తొక్కారు.

జైనూర్ మండలంలోని మార్లవాయి అలాంటి గోండు ఊరు. 1940లో జోడేఘాట్‌లో గోండుల తిరుగుబాటు నాయకుడు కుమ్రం భీం నేలకొరిగాక, గోండుల స్థితిగతులను అధ్యయనం చేసే పనిని నిజాం సర్కారు ఆస్ట్రియాకు చెందిన మానవ శాస్త్రవేత్త హైమెన్‌డార్ఫ్‌కు అప్పగించింది. ఆయన, భార్య బెట్టీ ఎలిజబెత్ ఈ ఊళ్లోనే కాపురం పెట్టారు. 1943లో గోండు ఉపాధ్యాయుల శిక్షణ కేంద్రం మొదలైందీ ఇక్కడే. పద్మశ్రీ అందుకున్న గుస్సాడీ నృత్య కళాకారుడు కనకరాజుదీ ఇదే ఊరు.

ఇల్లు నిట్టాడుతో మొదలవుతుంది. వెన్నుదూలాన్ని మోసే ఆ నిలువు గుంజలు ఎంత ఎత్తుంటే కప్పు అంత ఏటవాలు. బరువంతా గుంజల మీదే కాబట్టి గోడ కప్పును మొయ్యదు, కేవలం అడ్డు. అందుకే ఒక పక్క తడక విప్పి ఇంకో గుంజ నాటితే చాలు, కొడుకు పెళ్లికి గది లేస్తుంది. మిగతా ఇల్లు కదలదు.

గోడ పని చూడ్డానికి తేలికగా కనిపిస్తుంది, కాదు. వెదురు బొంగును నిలువునా చీల్చి, బద్దలను ఒకటి ముందు, ఒకటి వెనక వచ్చేట్టు అల్లితే తడక. ఈ పనిలో కోలాం తెగవాళ్ల చెయ్యి పేరుమోసింది. వాళ్లు అల్లిన తట్టలు, తడకలు గోండు ఇళ్లకూ చేరేవి. వెదురు దొరక్కపోతే పత్తికట్టె, కందికట్టె. తర్వాత మట్టి. చేలోని నల్లరేగడి పనికిరాదు, ఎండితే నెర్రెలిస్తుంది. ఎర్రమట్టో పుట్టమన్నో తెచ్చి, తరిగిన గడ్డి కలిపి నానబెట్టి, కాళ్లతో తొక్కి, తడకకు రెండు వైపులా అదిమి మెత్తుతారు. ఆ మట్టి అల్లికలోని సందుల్లోకి దిగి అవతలి మట్టిని పట్టుకుంటుంది. పైన పేడ అలుకు. గోడకూ చూరుకూ నడుమ వదిలిన జానెడు సందును చూసి పని సగంలో ఆపేశారనుకుంటాం. పొయ్యి పొగ పోయేది అందులోంచే. పోతూపోతూ వాసాలకు మసి పట్టిస్తుంది, వెదురుకు పుచ్చు పట్టకుండా కాస్తుంది.

అటక మీద జొన్నలు, విత్తనాలు. పక్కన పశువుల కొట్టం. దండారి పండుగ రోజుల్లో పొరుగూరి నాట్య బృందం దిగేది ఊరి పెద్ద పటేల్ ఇంటి దగ్గరే కాబట్టి అక్కడ పంచా, వాకిలీ పెద్దవి. ఎవరి ఇంటి కొలత వాళ్ల బతుకును బట్టి.

పొగడ్త ఇక్కడ ఆపాలి. కప్పు మీది గడ్డిని తరచూ మార్చాలి, వానకు కొట్టుకుపోయిన గోడ అడుగు మెత్తాలి, అలుకు పని దాదాపు ఆడవాళ్లదే. పాములు, చెదలు, నిప్పు భయం సరేసరి. 2012లో ఇక్కడి కవ్వాల్ అడవి పులుల అభయారణ్యంగా మారింది. కర్ర తేవడానికి అడవిలోకి పోవడం ఇదివరకటంత సులువు కాదు. స్లాబు ఇల్లు కావాలనేవాళ్లను తప్పుపట్టడానికి పట్నంలో కూర్చున్న మనమెవరం?

ఇందిరమ్మ ఇళ్లకు సర్కారు 5 లక్షల రూపాయలు ఇస్తోంది. కనీసం 400 చదరపు అడుగులు, ఆర్‌సీసీ కప్పు. కోలాం, తోటి తెగల కుటుంబాలకు 2023లో మొదలైన పీఎం జన్‌మన్ కింద కూడా పక్కా ఇళ్లున్నాయి. వాన కారదు, నిజమే. కానీ ఎండాకాలం స్లాబు పగలంతా కాగి రాత్రి వేడిని కిందికి దింపుతుంది. కట్టెల పొయ్యి పొగకు దారి ఉండదు. కొట్టానికి లెక్కలో చోటే లేదు. అందుకే చాలామంది ముందు స్లాబు గది కట్టుకొని, వెనక తడక గోడల వంటిల్లు ఉంచుకుంటున్నారు. బియ్యం, బట్టలు, టీవీ స్లాబు కింద. వంట, కోళ్లు, మధ్యాహ్నం నిద్ర తడకల పక్కన. ఇంజనీరు గీసిన ప్లానులో ఆ రెండో ఇల్లు ఉండదు.