బతుకమ్మ పాటలో పూలు, నిజామాబాద్ నేల: జీవవైవిధ్య దృష్టితో పరిశీలన

కీలకపదాలు: బతుకమ్మ, తంగేడు, గునుగు, బోధన్, నిజాంసాగర్, జీవవైవిధ్యం, జానపద గేయం

1. ఉపోద్ఘాతం

బతుకమ్మ పాటలపై వచ్చిన విమర్శలో పూవు ఎక్కువగా ప్రతీకగానే కనిపిస్తుంది. తంగేడు పసుపుదనం ముత్తైదువతనానికి సూచన అనీ, పూల పేర్పు స్త్రీల సామూహికతకు రూపమనీ వ్యాఖ్యానించడం పరిపాటి. ఈ వ్యాఖ్యానాలు తప్పు కావు, అసంపూర్ణాలు. ప్రతీక కావడానికి ముందే తంగేడు ఒక మొక్క. దానికొక నేల కావాలి. ఆ నేల చరిత్రను విడిచి చదివితే పాటలో ఏది జారిపోతుందో నిజామాబాద్–బోధన్ ప్రాంతం ఆధారంగా పరిశీలించడం ఈ వ్యాసం లక్ష్యం.

2. పాట నిర్మాణంలో మొక్క

గౌరమ్మకు ఏ పూవు ఒప్పుతుందని అడిగి, తంగేడుతో జవాబిచ్చే ప్రసిద్ధమైన పాట పూవు దగ్గరే ఆగదు. కాయను అడుగుతుంది, చెట్టు కిందికి వెళ్తుంది, అక్కడ చిలుకలను చూస్తుంది. పూత, కాత, నీడ, పక్షి అనే ఈ క్రమం అలంకారం మాత్రమే కాదు. మొక్క బతుకును అంచెలంచెలుగా గమనించిన చూపు. పూవును ప్రతీకగా మాత్రమే తీసుకున్న విమర్శ ఈ క్రమంలో మొదటి మెట్టు దగ్గరే నిలిచిపోతుంది.

3. నేలలో వచ్చిన మార్పు

తంగేడు బీళ్లలో, గుట్టల అంచుల్లో, గట్లమీద పెరిగే పొద. గునుగు వానాకాలపు మెట్టచేలలో తనంత తాను మొలిచే కలుపు. ఈ రెండింటినీ ఎవరూ విత్తరు. మంజీరపై 1923–31 మధ్య నిర్మించిన నిజాంసాగర్, 1930ల చివర బోధన్‌లో వెలసిన నిజాం షుగర్ ఫ్యాక్టరీ కలిసి ఈ ప్రాంతపు సాగును తిరగరాశాయి. కాలువ కింద జొన్న స్థానంలోకి చెరకు, వరి వచ్చాయి. 2002లో ప్రైవేటు యాజమాన్యం చేతికి వెళ్లిన ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతపడింది. చెరకు తగ్గినా పాత మెట్టపంటలు తిరిగి రాలేదు, వరి విస్తరించింది. నీరు నిలిచే వరిమడి గునుగుకు చోటు కాదు. మెట్టపైరుల్లోనూ కలుపుమందు దాన్ని మొలక దశలోనే తీసేస్తుంది. మిగిలిన బీళ్లలోకి సర్కారు తుమ్మ, వయ్యారిభామ చొరబడ్డాయి. 2014లో తంగేడు రాష్ట్ర పుష్పమైంది. గుర్తింపు పూవుకు దక్కింది. అది పూసే బీడు మాత్రం రెవెన్యూ భాషలో ఇంకా ‘బంజరు’గానే ఉంది.

4. విస్తృత సందర్భం

ఈ చిన్నచూపు తెలంగాణకే పరిమితం కాదు. మధ్యధరా తీరం, కాలిఫోర్నియా, మధ్య చిలీ, దక్షిణాఫ్రికాలోని కేప్, ఆస్ట్రేలియా దక్షిణ, నైరుతి భాగాలు మధ్యధరా శీతోష్ణస్థితి గల ప్రాంతాలు. భూతలంలో సుమారు 2 శాతమే అయినా, ప్రపంచ వృక్షజాతుల్లో దాదాపు 20 శాతానికి ఇవి ఆలవాలం. అక్కడి వైవిధ్యం ప్రధానంగా పొదనేలలది. సాగు, పట్టణ విస్తరణ, పరాయి మొక్కలు వాటిని కుదిస్తున్నాయి. నిజామాబాద్ శీతోష్ణస్థితి వేరు. అక్కడ వాన చలికాలానిది, ఇక్కడ నైరుతి రుతుపవనాలది. అయినా అడవిలా ఎత్తుగా లేని, పొలంలా దిగుబడి ఇవ్వని నేలను ఖాళీగా లెక్కించే దృష్టి రెండు చోట్లా ఒకటే.

5. ఒక అభ్యంతరం

జానపద గేయం సజీవం కనుక బంతి, చామంతులతో సర్దుకుంటుందని వాదించవచ్చు. ఇది కొంతవరకు నిజం. కాలువ నీరు ఈ ప్రాంతానికి తిండినీ కూలినీ ఇచ్చిందన్నదీ నిజం. మెట్టకాలపు కరువును స్వర్ణయుగంగా చిత్రించడం విమర్శ కాదు. అయితే బంతి తోటలో దొరుకుతుంది, అంగట్లో దొరుకుతుంది. గునుగు కోసం చేనుచేలూ తిరగాలి. ఎక్కడ, ఎప్పుడు పూస్తుందో తెలిసి ఉండాలి. ఆ ఎరుక కలుపు తీసిన స్త్రీలది. పట్టణ కూడలిలో గునుగు కట్ట కొన్నప్పుడు పూవు ఇంటికి వస్తుంది, ఎరుక రాదు. పాట పదాలు మారకుండానే దాని వెనకున్న అనుభవం ఖాళీ కావచ్చు.

6. ముగింపు

బిరుదురాజు రామరాజు పరిశోధన జానపద గేయాన్ని విశ్వవిద్యాలయ అధ్యయనాంశంగా నిలబెట్టింది. ఆ దారిలో వచ్చే సేకరణలు ఇకపై గాయని పేరు, ఊరు, పాఠాంతరాలతో పాటు మరి మూడు విషయాలు నమోదు చేయాలి: పూవు ఏ నేల నుంచి వచ్చింది, ఎవరు కోసుకొచ్చారు, గాయని బాల్యంలో అది ఎక్కడ దొరికేది. బోధన్ కాలువ కింది ఊళ్లలోనూ, కాలువ అందని గుట్టల ఊళ్లలోనూ ఈ సేకరణ సమాంతరంగా జరిగితే పాఠాంతరాల తేడాలకు నేల తేడాలు కారణమా అన్నది తేలుతుంది. మెట్టసాగును ఎరిగిన వృద్ధ గాయనులు ఉండగానే ఈ పని జరగాలి. వారి తర్వాత పాట మిగిలినా, దాని చిరునామా మిగలదు.