చీమ పుట్టలో వేలు

మా అమ్మాయికి ఐదేళ్లు. కిందటి నెల ఓ ఆదివారం పులిహోర తింటూ తెల్ల గౌను మీద ఒలకబోసుకుంది. మా ఆవిడ ఆ మరక మీద బట్టల సబ్బు రుద్దింది. పసుపు మరక కాస్తా చూస్తుండగానే ఎర్రబడింది. "నాన్నా! గౌనుకి రక్తం వస్తోంది!" అని ఇల్లెగిరిపోయేలా కేక.

తండ్రినాయె, పైగా నాలుగు ముక్కలు చదువుకున్నవాణ్ణాయె. వెంటనే ఫోను తీశాను. పసుపులో కర్క్యుమిన్ అనే పదార్థం ఉంటుందనీ, సబ్బులోని క్షారం తగిలితే దాని రంగు మారుతుందనీ అరనిమిషంలో అప్పజెప్పేశాను. ఒక్క ముక్క తప్పు లేదు. పిల్ల "ఊఁ" అంది. వెళ్లి టీవీ ముందు కూర్చుంది.

ఊరి నుంచి వచ్చిన మా అమ్మ చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తూ ఇదంతా చూస్తోంది. "ఒరేయ్, చెప్పడం బానే చెప్పావు గానీ, పసిదాని చేతిలో బొమ్మ లాక్కున్నట్టయింది రా" అంది.

ఆ మాట నాకు అప్పుడు ఎక్కలేదు. మర్నాడు ఎక్కింది.

మర్నాడు సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చేసరికి వంటింట్లో నేల మీద వరసగా ఏడెనిమిది గిన్నెలు. అన్నిట్లోనూ పసుపు నీళ్లు. దిష్టి తియ్యడానికి ఎర్రనీళ్లు కలపడం మా అమ్మకి కొట్టిన పిండి. పసుపు నీళ్లలో చిటికెడు సున్నం, అంతే. పెళ్లికూతురి కాళ్లకి పెట్టే పారాణిలో ఎరుపూ ఆ రెండూ కలిస్తే వచ్చేదే. సున్నం కళ్లలో పడితే ప్రమాదమని అది మాత్రం తన చేత్తో వేసి, డబ్బా పైన పెట్టేసింది. మిగతాదంతా మనవరాలికే వదిలేసింది.

పిల్ల ఒక గిన్నెలో ఉప్పు వేసింది. ఏమీ కాలేదు. ఇంకోదాంట్లో పంచదార. ఊహూఁ. మజ్జిగ పోసింది, చింతపండు పులుసు పోసింది. పసుపు పసుపుగానే ఉంది. వంటసోడా వేస్తే ఎర్రబడింది. ఆ ఎర్రగిన్నెలో నిమ్మచెక్క పిండింది. బుస్సున పొంగి, మళ్లీ పసుపు రంగు!

"ఎందుకు నానమ్మా?"

"ఏమోనే అమ్మడూ, నేనెప్పుడూ ఆలోచించలేదు. నీకేమనిపిస్తోంది?"

పిల్ల గిన్నెల వంక చాలాసేపు చూసింది. నేను గుమ్మంలో నిలబడి నోటిదాకా వచ్చిన కర్క్యుమిన్‌ని మింగేశాను. చివరికి తేల్చింది: "సున్నం పసుపుని ఏడిపిస్తోంది. ఏడిస్తే మొహం ఎర్రబడుతుంది కదా. నిమ్మకాయ వచ్చి ఊరుకోబెట్టింది."

నేను చెప్పిన సైన్సు అరనిమిషం కూడా బతకలేదు. తను కట్టుకున్న ఈ కథ నాలుగు రోజులు నడిచింది. ఇంట్లో ఏ వస్తువు కనబడినా పసుపు నీళ్లలో పడాల్సిందే. బట్టల సబ్బు, వంటసోడా ఏడిపించేవాళ్లు. మామిడికాయ, చింతపండు, నిమ్మకాయ ఊరుకోబెట్టేవాళ్లు. ఉప్పూ పంచదారా ఎవరి జోలికీ పోనివాళ్లు. ఆమ్లం, క్షారం అన్న మాటలు తెలియకుండానే మా వంటిల్లంతా వాటికింద విడదీసి పెట్టేసింది. ఆ మాటలు బళ్లో తర్వాతెప్పుడో వస్తాయి. అప్పటికి వాటికి కూర్చోవడానికి చోటు సిద్ధంగా ఉంటుంది.

ఊహాశక్తి వేరు, విజ్ఞానం వేరు అని మనమే గీత గీస్తాం. పిల్లలకి ఆ గీత లేదు. పసుపు ఏడ్చిందన్నది ఊహ. ఇంకెవరు ఏడిపిస్తారో చూద్దామని ఇంకో గిన్నె తెచ్చుకోవడం ప్రయోగం. మొదటిది లేకపోతే రెండోది లేదు.

మన పిల్లలు బహుశా అన్నిటికంటే ముందు వినే కథ ఏడు చేపల కథ. అదంతా ఒకటే ప్రశ్న: ఎందుకు? చేప ఎందుకు ఎండలేదని మొదలై గడ్డిమేటు, ఆవు, పాలేరు, అవ్వ, ఏడ్చే పిల్లాడి మీదుగా చీమ దాకా వెళ్తుంది. దార్లో ఎవ్వరూ విసుక్కోరు. తనకి తెలిసింది చెప్పి, మిగతాది పక్కవాళ్లని అడగమంటారు. వందలసార్లు విన్నాను గానీ, ఒక సంగతి ఈమధ్యే తట్టింది. ఆ గొడవంతటికీ మూలం ఏమిటి? ఓ పసివాడు చీమ పుట్టలో వేలు పెట్టడం. లోపల ఏముందో చూడాలనుకున్న వేలు అది. మన కథ ప్రశ్నతో మొదలై, ఆఖరికి ఓ పసి కుతూహలం దగ్గర ఆగుతుంది.

అలాగని అడిగిన ప్రతిదానికీ "నీకేమనిపిస్తోంది" అని తిప్పికొట్టడం కూడా తగదు. అది ఇంకో రకం హింస. కింది ఇంట్లో ముసలి కుక్క చచ్చిపోయినప్పుడు "మళ్లీ ఎప్పుడొస్తుంది?" అని అడిగింది మా పిల్ల. ఆ రోజు ఎదురు ప్రశ్న వెయ్యలేదు. దగ్గర కూర్చోబెట్టుకుని, రాదమ్మా అని చెప్పాను. ఏ ప్రశ్నకి జవాబు కావాలో, ఏ ప్రశ్నకి తోడు కావాలో గుర్తుపట్టడమే అసలు పని. అందులో నేనింకా ఒకటో తరగతే.

ముందే తయారైన జవాబు బొమ్మల్లో కూడా ఉంటుంది. పుట్టినరోజుకి ఎవరో ఖరీదైన బొమ్మల పెట్టె ఇచ్చారు. కత్తిరించి ఉంచిన ముక్కలన్నీ అతికిస్తే కోట వస్తుంది. ఆ కోట ఎలా ఉంటుందో అట్ట మీద ముందే అచ్చేశారు. గంటలో కట్టేసింది, ఆ తర్వాత దాని ముఖం చూడలేదు. ఆ పెట్టె అట్ట మాత్రం మూడు వారాలు కారు, వంటగది, ఏనుగు తొండం అయింది. ఇలాంటి మామూలు వస్తువుల విలువ తెలిసినవాడు అరవింద్ గుప్తా. కాన్పూర్ ఐఐటీలో చదివిన ఆయన 1978లో ఉద్యోగానికి ఏడాది సెలవు పెట్టి, మధ్యప్రదేశ్‌లో హోషంగాబాద్ పల్లెటూరి బడుల్లో జరుగుతున్న సైన్సు కార్యక్రమానికి వెళ్లాడు. అక్కడ సంతలో దొరికే సైకిల్ వాల్వ్ ట్యూబు ముక్కలతో అగ్గిపుల్లల్ని కలిపి త్రిభుజాలు, పెట్టెలు, ఇళ్లు కట్టించాడు. తర్వాత జీవితమంతా ఆ పనే. 2018లో పద్మశ్రీ వచ్చింది. అగ్గిపుల్ల మీద ఏ కోట బొమ్మా అచ్చేసి ఉండదు. అందుకే అది ఏదైనా అవుతుంది. తాటి బుర్రలతో బండి, కొబ్బరాకుతో బూర చేసుకున్న మన తరానికి ఇది ఒకరు చెప్పాల్సిన సంగతి కాదు. మనం పెద్దవాళ్లమయ్యాక మర్చిపోయాం, అంతే.

ఇప్పుడు మా వంటింట్లో కింది అర పిల్లది. ఖాళీ డబ్బాలు, చిల్లుల గరిటె, పాత పేపర్లు, చపాతీలు చేసిన రోజున ఓ పిండి ముద్ద. ఇల్లు శుభ్రంగా ఉండదు. వస్తువులు కొనడం కంటే, అది ఆడుతుంటే చెయ్యి పెట్టకుండా కూర్చోవడం నాకు కష్టంగా ఉంది.

మొన్న రాత్రి ఏడు చేపల కథ చెబుతున్నాను. చీమ జవాబు చెప్పేసింది, కథ అయిపోయింది. పిల్ల పడుకోలేదు.

"నాన్నా, ఆ పుట్టలో ఏముంది?"

చెయ్యి అలవాటుగా ఫోను మీదికి పోయింది. వెనక్కి తీసుకున్నాను. "ఏమో. పొద్దున్నే చూద్దామా?"

పొద్దున్న ఆరున్నరకల్లా ఇద్దరం బాల్కనీలో బోర్లా పడుకుని ఉన్నాం. పిల్ల గోడ పగులు దగ్గర పంచదార పలుకు పెట్టింది. ఒక చీమ వచ్చి, చూసి, వెళ్లిపోయింది. దానికి ఇష్టం లేదేమో అనుకున్నాం. కాసేపటికి వెనకాల పదిమందిని వెంటబెట్టుకొచ్చింది. "వాళ్ల నానమ్మని కూడా పిలిచింది!" అంది మా పిల్ల.

ఆఫీసుకి ముప్పావుగంట ఆలస్యంగా వెళ్లాను. ఎందుకు ఆలస్యమైందని అడిగారు.

చీమ వల్ల, అన్నాను.